కోపంతో నిద్ర పట్టడం లేదు, బీపీ మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 38. హన్మకొండలో ఉంటాం. మా వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చినప్పటి నుంచి రాత్రి ఒంటి గంట దాకా ఫోన్‌లో అవే పోస్టులు చదువుతూ, అధికారులను తిడుతూ కామెంట్లు పెడుతున్నాను. గుండె దడగా ఉంటోంది, నిద్ర లేదు. మెడికల్ షాపులో చూపించుకుంటే బీపీ 148/94 వచ్చింది. మాత్ర మొదలుపెట్టాలా?

జవాబు: మీ అంతట మీరు మాత్ర మొదలుపెట్టకండి. సరిగా నిద్ర లేని మనిషికి ఒక్కసారి చూసిన బీపీతో జబ్బు ఉందని తేల్చలేం. వారం రోజుల పాటు ఉదయం, సాయంత్రం, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక రెండేసి సార్లు చూసి కాగితం మీద రాసుకోండి. ఇంట్లో చూసిన సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే చికిత్స గురించి ఆలోచించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీ కోపం తప్పని నేను అనను. పక్కింటి పిల్లవాడు జ్వరంతో పడి ఉంటే ఎవరికైనా కడుపు మండుతుంది. అయితే కోపం వచ్చినప్పుడు శరీరం కొట్లాటకు సిద్ధమై అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది, దానితో గుండె వేగం, బీపీ పెరుగుతాయి, మంచం మీద ఫోన్ పట్టుకుని ఉన్నవారిలో అది చల్లబడేలోపే మరో పోస్టు మళ్లీ రగిలిస్తుంది. ఒకాయన అలాంటి వీడియో నాకు చూపిస్తుండగా చెయ్యి పట్టి చూశాను, నాడి 80 నుంచి 104కు చేరింది.

కనుక ఆ కోపాన్ని పనిలో పెట్టండి, ముందు డెంగీ దోమ సంగతి తెలుసుకోండి. అది మురికి కాలువలో కన్నా ఇంట్లో నిల్వ ఉన్న శుభ్రమైన నీటిలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నీళ్లు పారబోసినా అంచుకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి గనుక గోలెం, కూలర్ తొట్టి బ్రష్‌తో రుద్ది కడగాలి. ఫ్రిజ్ వెనకాల ట్రేలో టార్చి వేసి చూడండి, దారప్పోగుల్లాంటి పిల్లపురుగులు మెలికలు తిరుగుతూ కనిపించవచ్చు. ఆశా కార్యకర్తలు చెప్పే శుక్రవారం డ్రై డే, అంటే వారానికోసారి నిల్వ నీళ్లన్నీ పారబోసి తొట్లు ఆరబెట్టే రోజు, ఇందుకే. వీధిలో నీరు నిలిచిన చోటుకు ఫొటో తీసి, తేదీ వేసి, కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

రాత్రి పది తర్వాత ఫోన్‌ను వేరే గదిలో పెట్టండి. రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బీపీ రాసిన కాగితం తీసుకుని దగ్గరలోని డాక్టరును కలవండి, మాత్ర సంగతి అప్పుడు తేలుతుంది.