1,900 రూపాయల గ్రిల్ కొనవచ్చా? చెడిపోతే అడగవచ్చా?

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర పల్లె. సంక్రాంతికి పిల్లలు వస్తారు. పెరట్లో చేప, కోడి కాల్చుకోవడానికి బొగ్గుల గ్రిల్ ఒకటి కొందామనుకుంటున్నాం. శ్రీకాకుళంలో ఒక షాపులో 1,900కి ఉంది. మంచి రకం 8,000 దాకా చెబుతున్నారు. చవకది కొనవచ్చా? ఆ షాపు బిల్లుల మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చువేసి ఉంటుంది. వారానికే పాడైతే మా గతేమిటి?

జవాబు: ముందు ఆ అచ్చు సంగతి. అలా రాసుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు వెనక్కి తీసుకునే బాధ్యత షాపుకు తప్పదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. వస్తువు 1,900ది కాబట్టి హక్కు తగ్గుతుందని చట్టంలో ఎక్కడా లేదు.

కానీ లోపం అంటే ఏమిటన్న దగ్గరే తేడా వస్తుంది. రేకు పలచగా ఉండటం లోపం కాదు. చూసి, ఆ ధరకు ఒప్పుకునే కొన్నారు. స్టెయిన్‌లెస్ స్టీలని చెప్పి రంగేసిన మామూలు ఇనుము అంటగడితే మాత్రం లోపమే. అందుకే షాపువాడు నోటితో చెప్పేదంతా బిల్లు మీద రాయించుకోండి. 'స్టెయిన్‌లెస్ కమ్మీలు, ఆరు నెలల వారంటీ' అని రాసిస్తే కొనండి. రాయడానికి వెనకాడితే ఆ గ్రిల్ అక్కడే వదిలేసి రండి. అసలు బిల్లే ఇవ్వనంటే అదీ అనుచిత వ్యాపార పద్ధతే.

మీది సముద్రపు ఒడ్డు. ఉప్పుగాలికి రంగు ఎక్కడ లేస్తే అక్కడినుంచి తుప్పు పాకుతుంది. బూడిద దులపకుండా, వానలో వదిలేసి, తర్వాత తుప్పు పట్టిందని కేసు వేస్తే నిలబడటం కష్టం.

నాకు తుప్పుకన్నా కాళ్ల గురించే ఎక్కువ బెంగ. షాపులోనే బిగించమని, నేల మీద నిలబెట్టి రెండు చేతులా ఊపి చూడండి. ఊగిందా, వద్దు. నిప్పులతో నిండిన తొట్టి ఒరిగితే పక్కన ఆడుకునే పిల్లల మీదే పడుతుంది. జింకు పూత వేసిన కమ్మీలైతే కూడా వద్దు. బాగా కాలితే ఆ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. చలేస్తోందని రాత్రి బొగ్గుల గ్రిల్ గదిలోకి తేవద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) వాసన ఉండదు.

పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేసే నంబరు ఉన్నాయా చూడండి. లోపమున్న సరుకు వల్ల ఒళ్లు కాలినా, ఆస్తి కాలినా పరిహారం అడిగే హక్కు గ్రిల్ ధరతో సంబంధం లేని వేరే హక్కు. తయారీదారు ఎవరో తెలియకపోతే ఆ భారం అమ్మినవాడి మీద పడుతుంది. అతనే అమ్మాడని రుజువు చేయడానికైనా మీ చేతిలో బిల్లు ఉండాలి.

పాడైతే వెల్డింగ్ చేయించకండి, సాక్ష్యం పోతుంది. ఫొటోలు తీసి, షాపుకు రాతపూర్వకంగా అడగండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆపైన శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. విశాఖలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలనీ లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు.