ఒకే ఆయతు, ఇద్దరు సహోద్యోగులు

షియాలు మతగురువుల పాలన కోరతారు, సలఫీలు (సున్నీల్లో తొలి తరాల ముస్లింల బాటే పట్టాలనేవారు) రాజుల పాలన కోరతారు, తేడా అంతేనా అని మీరడిగారు. అంత సులువుగా తేలదు.

నేను సౌదీలోని దమ్మాంలో స్టోర్సులో పనిచేసినప్పుడు నాతో ఇద్దరు సౌదీలు ఉండేవారు. ఒకరు అల్ అహ్సా షియా, మరొకరు ఖసీమ్ ప్రాంతపు సలఫీ. రోజూ కలిసి ఖహ్వా, అంటే అరబ్బీ కాఫీ, తాగేవారు గానీ మతం మాట ఎత్తేవారు కాదు. 2011 మార్చిలో, నిరసన ప్రదర్శనలు ఇస్లాంకు విరుద్ధమని సౌదీ పెద్ద ఉలేమా (మత పండితుల) మండలి ప్రకటించాక, ఎత్తారు. ఇద్దరూ చదివింది ఖురాన్ నాలుగో సూరా (అధ్యాయం)లోని 59వ ఆయతే (వాక్యమే): అల్లాహ్‌కు, ప్రవక్తకు, మీలో అధికారం గలవారికి విధేయత చూపండి.

ఆ 'అధికారం గలవారు' ఎవరన్నదే చిక్కు. ఖసీమ్ ఆయన లెక్కలో గద్దె మీదున్న ముస్లిం పాలకుడే. ఎలా ఎక్కాడన్నది తర్వాతి మాట. "నమాజు నిలుపుతున్నాడా? చాలు" అన్నారు, గిన్నె కింద పెట్టి. పాపం చేయమంటే వినకూడదు, తప్పుంటే చాటుగా చెప్పాలి, అంతేగానీ వీధికెక్కకూడదు. దుష్టపాలన కన్నా తిరుగుబాటు తెచ్చే ఫిత్నా, అంటే అల్లకల్లోలం, చెడ్డదట. అలాగని సలఫీలందరిదీ ఒకే దారి కాదు. 2011లో ఈజిప్టు సలఫీలు నూర్ పార్టీ పెట్టి ఎన్నికల్లోనే నిలబడ్డారు.

అహ్సా ఆయనకు ఆ అధికారం ఎవరికి చెందుతుందన్నదే అసలు ప్రశ్న. 632లో గదీర్ ఖుమ్ దగ్గర ప్రవక్త తన అల్లుడు అలీ చెయ్యి పైకెత్తి వారసుణ్ణి చూపించారని, ఆయతు చెప్పేది పాపమెరుగని ఇమాముల (అలీ, ఆయన వంశంలోని నాయకుల) గురించేనని షియాల నమ్మకం. పన్నెండో ఇమాం 874 నుంచి అదృశ్యంగా ఉన్నారంటారు. మరి ఈలోగా పాలించేదెవరు? చాలామంది షియా పండితులు శతాబ్దాల పాటు రాజ్యాధికారం జోలికి పోలేదు. ధర్మశాస్త్ర పండితుడే పాలించాలని ఇరాన్ మతగురువు ఖొమేనీ ఇరాక్‌లోని నజఫ్‌లో వరుస ప్రసంగాలు చేసింది 1970లో. అది ఇరాన్ రాజ్యాంగంలోకి ఎక్కింది 1979లో. మీరడిగిన 'మతగురువుల పాలన' నాకన్నా వయసులో చిన్నది!

అహ్సా మిత్రుడు ఏటా ఖర్చులు పోను మిగిలిన దానిలో ఐదో వంతు, ఖుమ్స్, కాలిక్యులేటర్ మీద లెక్కగట్టి, తాను అనుసరించే మత పండితుడి కోసం తీసిపెట్టేవారు. ఇరాన్ పాలకులున్న టెహరాన్‌కు పంపుతారా అని అడిగాను. నవ్వారు. ఆయన అనుసరించేది నజఫ్‌లోని షియా పండితుడు సీస్తానీని. సీస్తానీ గురువు ఖోయీ అయితే ఖొమేనీ సిద్ధాంతాన్ని ఒప్పుకోనే లేదు.