టైమింగ్ బెల్ట్ మార్చాక ఇంజన్ పోయింది.. కేసు నిలబడేది దేని మీద?

ప్రశ్న: కారుకు టైమింగ్ బెల్ట్ మార్చాల్సిన కిలోమీటర్లు వచ్చాయని తెలిసిన మెకానిక్ షెడ్డులో ఇచ్చాను. బెల్టు మార్చిన మర్నాటి నుంచే ఇంజన్ ముందు వైపు గరగరమని శబ్దం. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకు. వాట్సాప్‌లో చెబితే ‘కొత్త బెల్టు కదా, నడుస్తుంటే సర్దుకుంటుంది’ అని వాయిస్ మెసేజ్ పెట్టారు. 3 వారాల తర్వాత అమ్మను ఆసుపత్రికి తీసుకెళుతుంటే నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోయింది. వాళ్లే బండిని తీసుకెళ్లి, హెడ్డు (ఇంజన్ పై భాగం) విప్పి, వాల్వులు వంగిపోయాయన్నారు. ‘టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే భాగం) కూడా మార్చమంటే మీరే వద్దన్నారు, మాకు సంబంధం లేదు’ అంటూ విప్పిన భాగాలన్నీ గోనెసంచిలో వేసి ఇచ్చారు. అసలు టెన్షనర్ మాటే మా మధ్య రాలేదు. ఇవాళ చూస్తాం, రేపు చూస్తాం అంటూ 20 నెలలు తిప్పారు. పక్కా బిల్లు తీసుకోలేదు, డబ్బు మాత్రం యూపీఐలో పంపాను. కారు మా ఇంట్లోనే పడి ఉంది. ఆ రోజు అమ్మ పడిన అవస్థ తలచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. వాళ్ల మీద మోసం కేసు పెట్టవచ్చా? మానసిక క్షోభకు ఎంత అడగాలి? గోతిలో పడి ఇంజన్ దెబ్బతిందని బీమా క్లెయిమ్ పెట్టమని ఒక మిత్రుడు అంటున్నాడు. వేరే మెకానిక్ వచ్చే వారం ఇంజన్ కట్టి ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ రెండో మెకానిక్‌కు ఫోన్ చేసి, ఇంజన్ మీద చెయ్యి వేయొద్దని చెప్పండి. మీ కేసు మొత్తం ఆ గోనెసంచిలో ఉంది. అతను వంగిన వాల్వులు పారేసి, హెడ్డు రుద్ది, కొత్త బెల్టు ఎక్కించిన రోజున మీ చేతిలో మిగిలేది మీ బాధ ఒక్కటే. దాని మీద వినియోగదారుల కమిషన్ తీర్పు ఇవ్వదు.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ ప్రయాణం గురించి, అమ్మగారి అవస్థ గురించి ఉంది. కేసు తేలేది అక్కడ కాదు. వాల్వులు వంగాయని మీరూ అంటున్నారు, వాళ్లూ అంటున్నారు. దాని మీద తగాదా లేదు. బెల్టు తన చోటు నుంచి ఎందుకు కదిలింది, ఆ కారణం వాళ్లు చేసిన పనిలో ఉందా లేదా? తేల్చాల్సింది ఇదొక్కటే.

చాలా ఇంజన్లలో వాల్వు కిందికి దిగే జాగాలోకే పిస్టన్ పైకి వస్తుంది. రెండూ ఒకేసారి అక్కడికి చేరకుండా పిస్టన్లను నడిపే క్రాంకునూ వాల్వులను తెరిచే క్యామునూ లెక్క తప్పకుండా తిప్పేది టైమింగ్ బెల్టే. అది తెగినా, కొన్ని పళ్లు దాటినా పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. కొన్ని ఇంజన్లలో బెల్టు తెగితే బండి ఆగుతుందే తప్ప లోపల ఏమీ కాదు. మీది ఆ రకం కాదని వంగిన వాల్వులే చెబుతున్నాయి.

బెల్టు కదలడానికి కారణాలు నాలుగైదు ఉండవచ్చు. ఒక్కో కారణానికి బాధ్యుడు ఒక్కొక్కరు. బిగించేటప్పుడు టైమింగ్ గుర్తులు కలపకపోయినా, బిగువు సరిగా పెట్టకపోయినా తప్పు షెడ్డువాళ్లది. బెల్టే నాసిరకమో నకిలీదో అయితే దాన్ని అమ్మినవాళ్లూ తయారుచేసినవాళ్లూ కూడా కేసులోకి వస్తారు. పాత టెన్షనర్ బేరింగో, వాటర్ పంపు బేరింగో పట్టేసి బెల్టును లాగేసి ఉంటే, వాటిని మార్చకుండా వదిలేయాలని ఎవరు నిర్ణయించారన్నది ప్రశ్న అవుతుంది. ఆయిల్ సీలు కారి బెల్టు నాని ఉంటే, ఆ కారడం పని చేసిన రోజే కంటికి కనిపించేదా అన్నది చూడాలి.

వీటిలో చాలావరకు గుర్తులు వదిలి వెళ్తాయి. ఆయిల్‌లో నానిన బెల్టు ఉబ్బి మెత్తబడుతుంది. పుల్లీ వంకరగా కూర్చుంటే బెల్టు ఒక అంచు మాత్రమే పీచు లేస్తుంది. ఏదైనా పుల్లీ పట్టేస్తే వరసగా కొన్ని పళ్లు మొదలంటా ఊడిపోతాయి. టెన్షనర్ చక్రాన్ని చేత్తో తిప్పితే బేరింగు గరగరలాడుతుంది, లేదా అటూ ఇటూ ఊగుతుంది. అందుకే చెబుతున్నాను: ఆ బెల్టును తుడవొద్దు, కడగొద్దు, మడిచి కట్టొద్దు. బెల్టు వెనక అచ్చు వేసిన పార్టు నంబరు, తయారీ కోడు చెరిగిపోకుండా ఫొటో తీయండి.

బిగించినప్పుడు గుర్తులు కలిశాయో లేదో మాత్రం ఇప్పుడు నేరుగా చూడలేం. హెడ్డు విప్పినప్పుడే ఆ సాక్ష్యం చెదిరిపోయింది. తగాదా పడిన బండిని అవతలి వాళ్ల చేతికే ఇచ్చి, దగ్గర నిలబడకుండా విప్పించడం మీ పొరపాటు. మొదటి రోజు నుంచీ ఉన్న వణుకును బట్టి బెల్టు ఒక పన్ను అటో ఇటో పడి ఉండవచ్చని ఇంజనీరు అభిప్రాయం ఇవ్వగలరు. కానీ అది ఊహకు దగ్గరగా ఉండే సాక్ష్యం. చేతిలో ఉన్న బెల్టు, టెన్షనర్ అంతకన్నా బలమైనవి.

సేవలో లోపం ఉందని రుజువు చేసే భారం ఫిర్యాదు చేసినవారిదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది. ‘నా బండి చెడింది కాబట్టి తప్పు వాళ్లదే’ అంటే సరిపోదు. ఆటోమొబైల్ ఇంజనీరు రాతపూర్వక నివేదిక మీ కేసుకు వెన్నెముక.

ఇక మీకు విలువ తెలియకుండా మీ దగ్గరున్న సాక్ష్యం ఆ వాయిస్ మెసేజ్. శబ్దం వస్తున్నా 3 వారాలు ఎందుకు నడిపారని అవతలి లాయరు తప్పకుండా అడుగుతారు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ ప్రకారం నష్టాన్ని తగ్గించుకునే వీలు మీకు ఉందా అన్నదీ లెక్కలోకి వస్తుంది కాబట్టి ఆ ప్రశ్న చిన్నది కాదు. దానికి జవాబు వాళ్ల గొంతులోనే ఉంది. మీరు చెప్పారు, నడపమని వాళ్లే అన్నారు. ఆ ఫోను అమ్మొద్దు, మార్చొద్దు, చాట్ చెరపొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం నియమాలు సివిల్ కోర్టులో ఉన్నంత కఠినంగా ఉండవు. అయినా అభ్యంతరం వచ్చాక వెతుక్కోవడం కన్నా ముందే జత చేయడం మేలు.

టెన్షనర్ మీరే వద్దన్నారన్న వాదన సంగతి. వాళ్లు చెప్పారు, మీరు కాదన్నారు అనడానికి జాబ్ కార్డు (చేయాల్సిన పనులు రాసుకునే షెడ్డు కాగితం) మీద మీ సంతకం చూపించమనండి. అది లేకపోతే వాళ్ల మాటకు బలం తగ్గుతుంది. పైగా వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 2(11) సెక్షన్ కింద, తెలియాల్సిన విషయాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమే. బెల్టుతోపాటు టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ, బెల్టుతో తిరిగే రకమైతే వాటర్ పంపు కూడా చూసుకోవాలన్నది ఈ పని చేసే ప్రతివారికీ తెలిసిన విషయం. మీ కారు సర్వీసు మాన్యువల్‌లో ఆ మాట రాసి ఉంటే ఆ పేజీ నకలు జతచేయండి.

బిల్లు విషయంలో మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. ఇంజన్ ప్రాణం ఆధారపడిన పనికి తెల్లకాగితం కూడా లేకుండా డబ్బు పంపుతారా? ఏ కంపెనీ బెల్టు వేశారు, ఏ ఏ భాగాలు మార్చారు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేశారు.. ఇవన్నీ ఒక్క బిల్లుతో తేలిపోయేవి. బిల్లు ఇవ్వకపోవడం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతే, నిజమే. కానీ పన్ను మిగులుతుందని మీరే వద్దని ఉంటే ఆ అస్త్రం మీకు పనికిరాదు. యూపీఐ చెల్లింపు వివరాలు బ్యాంకు స్టేట్‌మెంటుతో సహా తీసుకోండి. డబ్బు తీసుకుని పని చేశారని చెప్పడానికి అది చాలు.

ఇప్పుడు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కారణం ఏర్పడిన రోజు నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఇంజన్ ఆగిన రోజు నుంచి లెక్కపెట్టాలని నేను వాదించగలను. కానీ మీరు బెల్టు మార్చిన రోజు నుంచే లెక్క వేసుకోండి, ఆ రెండింటికీ మధ్య ఉన్న 3 వారాల మీద జూదం ఆడొద్దు. వాళ్లు తిప్పించుకున్న నెలలు మీ ఖాతాలో కలవవు. ఉత్తరాలు, ఫోన్లు, ‘రేపు చూస్తాం’ అన్న మాటలు గడువును పొడిగించవు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే మాటలు నమ్మి కూర్చున్నానంటే తగిన కారణమని ఒప్పుకుంటారన్న భరోసా లేదు. అవతలివారు అడగకపోయినా గడువు సంగతిని కమిషన్ తానే చూడాలని 2009లోనే బీఎస్ అగ్రికల్చర్ ఇండస్ట్రీస్ కేసులో, పాత చట్టం కింద, సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీకు మిగిలింది 3 నెలల పైచిలుకే.

బీమా సలహా ఇచ్చిన మిత్రుడి మాట వినొద్దు. సాధారణ మోటారు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు పరిహారం ఉండదు. అందుకే గొయ్యి కథ అల్లమంటున్నాడు. గోతిలో పడిన బండికి అడుగు భాగాన దెబ్బ ఉండాలి. సర్వేయరు చూసేది అదే. లేని ప్రమాదాన్ని రాసి డబ్బు అడగడం భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం, 7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరం. క్లెయిమ్ తిరస్కరించినా అక్కడితో పోదు. గోతి వల్ల ఇంజన్ పోయిందని మీరు సంతకం చేసిన కాగితాన్ని షెడ్డువాళ్ల లాయరు తెప్పించి కమిషన్ ముందు పెడితే, బెల్టు పని వల్ల పోయిందన్న మీ అఫిడవిట్‌ను ఎవరూ నమ్మరు. నిజమైన కేసును అబద్ధపు క్లెయిముతో మీ చేత్తో మీరే చంపుకున్నట్టు అవుతుంది.

మోసం కేసు కూడా వద్దు. మొదటి నుంచే మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. పని చేతకాకపోవడం, నిర్లక్ష్యంగా చేయడం మోసం కిందకు రావు. పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగితే మిగిలిన ఆ 3 నెలలు కూడా పోతాయి.

చేయాల్సింది ఇది. ఈ రోజే సంచిలోని ప్రతి భాగాన్నీ వార్తాపత్రిక మీద పరిచి, తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియో తీయండి. ఇద్దరు సాక్షుల ముందు డబ్బాలో పెట్టి సీలు వేసి సంతకాలు చేయించండి. తర్వాత షెడ్డు యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలానా తేదీన, ఫలానా చోట, ఇంజనీరు సమక్షంలో సీలు తెరుస్తున్నాం, మీరో మీ మనిషో రండి అని రాయండి. వేసిన బెల్టు కొనుగోలు బిల్లు, జాబ్ కార్డు, హెడ్డు విప్పినప్పుడు తీసిన ఫొటోలు ఇవ్వమని అడగండి. 15 రోజులు చాలు. రాకపోతే రాలేదని ఇంజనీరు నివేదికలో నమోదు చేయించండి. అప్పుడు ‘మా వెనకాల భాగాలు మార్చేశారు’ అనే వాదనకు పస ఉండదు. ఇంజనీరును ఊరికే ‘చూసి చెప్పండి’ అనొద్దు. బెల్టు ఎలా దెబ్బతింది, టెన్షనర్ కొత్తదా పాతదా, బేరింగులు ఎలా ఉన్నాయి, ఆయిల్ జాడ ఉందా, మొదటి రోజు లక్షణాలకూ ఈ నష్టానికీ పొంతన ఉందా అని విడివిడిగా ప్రశ్నలు రాసి ఇవ్వండి.

బెల్టే నాసిరకమని నివేదికలో తేలితే అమ్మినవారినీ తయారీదారునూ ప్రతివాదులుగా చేర్చండి. భాగాన్ని ల్యాబొరేటరీకి పంపమని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద అడగవచ్చు, రుసుము ముందుగా మీరే కట్టాలి.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. బెల్టు పనికి ఇచ్చిన డబ్బు, ఇంజన్ బాగుకు అధీకృత సర్వీసు కేంద్రం ఇచ్చిన అంచనా, బండిని లాక్కొచ్చిన ఖర్చు, రసీదులున్నంత మేరకు ప్రయాణ ఖర్చు అడగండి. మానసిక క్షోభకూ అడగండి, కానీ మరమ్మతు ఖర్చుకు మించి పెద్ద అంకె వేయొద్దు. అంకె పెద్దదైతే అసలు కోరిక మీద కూడా అనుమానం వస్తుంది.

నోటీసు అందాక షెడ్డువాళ్లు రాజీకి రావచ్చు. వస్తే మంచిదే. కాకపోతే ‘ఇక ఎలాంటి బాకీ లేదు’ అన్న కాగితం మీద ముందే సంతకం పెట్టకండి. వాల్వులు, బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ ఏ కంపెనీవి వేస్తారో రాయించుకోండి. బండి ఇచ్చే రోజు మీ ఇంజనీరు అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలవాలని, బెల్టు ఎక్కించాక ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ సరిచూడటం మీ ఎదుటే జరగాలని, ఇన్ని నెలల హామీ ఇస్తున్నామని ఒప్పందంలో పెట్టించండి. గడువు దగ్గర పడుతుంటే రాజీ మాటలు సాగుతున్నా ఫిర్యాదు దాఖలు చేసేయండి. ఒప్పందం అమలయ్యాక వెనక్కి తీసుకోవచ్చు.