తోట సందేహాలు: ఎర్రాకుల జపాన్ మేపుల్

ప్రశ్న: గత ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో ఎర్రాకుల జపాన్ మేపుల్ అంటు మొక్కను తెప్పించి, ఇంటి ముందు పడమటి వైపు చెల్క నేలలో నాటాము. ఉగాది దాకా ఆకులు కెంపు రంగులో కళకళలాడాయి. ఏప్రిల్ సగం గడిచేసరికి అంచులు మాడి ముడుచుకుపోయాయి. రోజుకు మూడు పూటలా బోరు నీళ్లు పోస్తున్నా తేరుకోవడం లేదు. మిగిలిన ఆకులు కూడా పచ్చబడుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా ఆ మూడు పూటల నీళ్లు ఆపండి. ఈ చెట్టు ఆకు చాలా పలుచన. వడగాడ్పు తగిలినప్పుడు వేరు అందించగలిగిన దానికన్నా ఎక్కువ నీరు ఆకు నుంచి ఆవిరైపోతుంది కనుక, మొక్క మొదలు దగ్గర తడి ఉన్నా అంచులు మాడుతాయి. అది చూసి మనం ఇంకా నీళ్లు పోస్తే మట్టిలో గాలికి చోటు లేక వేర్లు కుళ్లుతాయి, కుళ్లిన వేరు నీటిని తీసుకోలేదు, దాంతో నీళ్లలో నిలబడిన మొక్క కూడా దాహంతో ఉన్నట్టే వాలిపోతుంది. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలినప్పుడే, అదీ ఉదయం పూట, నీళ్లు పెట్టండి. బోరు నీటిలోని ఉప్పు కూడా మట్టిలో పేరుకుని ఆకు కొసలను మాడుస్తుంది. ఈ మొక్క కాస్త పులుపు గుణమున్న నేలను కోరుతుంది కనుక, వానాకాలంలో డాబా మీది నీటిని డ్రమ్ములో పట్టి పోయగలిగితే మేలు.

ఆకులు పచ్చబడటానికి కారణం మరొకటి. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం రాత్రులు చల్లగా ఉండి, తగినంత వెలుతురు దొరికినప్పుడు బాగా తయారవుతుంది. రాత్రి కూడా సెగ తగ్గని మన వేసవిలో అది తరిగిపోయి అడుగునున్న పచ్చదనం బయటపడుతుంది. ఎండ తప్పించాలని పూర్తి నీడలో పెట్టినా ఎరుపు పోతుంది. అంటు కట్టిన చోటుకు కింద పచ్చని కొమ్మలు పుడితే మాత్రం అవి అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కవి. వెంటనే కోసేయండి, లేకుంటే ఎర్ర కొమ్మను అణిచేస్తాయి.

ఇప్పుడు మొక్కను కదిలించవద్దు. రోహిణి కార్తె దాటేవరకు షేడ్ నెట్ కట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరచండి. సగం మాడిన ఆకులను తుంచకండి, మిగిలిన సగం ఇంకా మొక్కకు తిండి పెడుతూనే ఉంటుంది. యూరియా జోలికి పోవద్దు. డిసెంబరు చివర వేరు ముద్ద చెదరకుండా తవ్వి, అడుగున రంధ్రాలున్న పెద్ద కుండీలోకి మార్చి, ఉదయం రెండు మూడు గంటల ఎండ మాత్రమే పడే తూర్పు గోడ పక్కన ఉంచండి. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా చివికిన ఆకు ఎరువు సమపాళ్లలో కలిపి, కాస్త గరుకు ఇసుక చేర్చితే చాలు.

ఇంత చేసినా ఒక మాట దాచలేను. జపాన్, కొరియా, చైనాలలో పుట్టిన ఈ చెట్టు ఆకు రాల్చి నెలల తరబడి చలిలో నిద్రపోతే తప్ప మరుసటి ఏడు మొగ్గలు సరిగా విచ్చవు. మే నెలలో 42 డిగ్రీలు దాటే వరంగల్‌లో వేసవిని షేడ్ నెట్‌తో గట్టెక్కించవచ్చు గాని, ఆ చలికాలాన్ని ఎక్కడి నుంచి తెస్తాము? కుండీలో కొన్నేళ్ల అతిథిగా చూసుకోండి; ఇంటి ముందు నీడనిచ్చే చెట్టవుతుందని ఆశ పెట్టుకోవద్దు.

నేలలో ఎర్రాకే కావాలంటే మన పుంటికూరకు దగ్గరి చుట్టమైన ఎర్రాకు మందారం ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ పొద ఆకు అచ్చం మేపుల్ ఆకులా చీలికలతో, ముదురు ఎరుపులో ఉంటుంది. కొత్తవారు రెండింటినీ పోల్చుకోలేరు. తొలకరిలో విత్తితే నడుము ఎత్తు దాటుతుంది, కొస తుంచుతుంటే గుబురవుతుంది, కొమ్మ గుచ్చినా బతుకుతుంది. లేత ఆకు పుల్లగా ఉంటుంది, పప్పులో వేసుకోవచ్చు. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు మాత్రం తినకపోవడం మంచిది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఎరుపు, నీలం, ఊదా రంగుల మేపుల్ విత్తనాలు చవకగా అమ్ముతున్నారు. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: నీలి ఆకుల మేపుల్ లోకంలో లేదు, ఆ బొమ్మలు కంప్యూటర్‌లో రంగు మార్చినవి. ఎరుపు విత్తనాలు నిజమైనవే అయినా, తల్లి చెట్టు గుణం పిల్ల మొక్కకు అలాగే రాదు కనుకే పేరున్న రకాలను అంటు కట్టి పెంచుతారు. పైగా ఆ విత్తనాలను తడి ఇసుకలో కలిపి సుమారు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచితే గాని మొలకెత్తవు.

ప్రశ్న: మా జిల్లాలో చలి ఎక్కువ కదా, మాకు పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: వరంగల్‌కన్నా మీకు కొంత నయమే. అయితే మీ దగ్గర గట్టి చలి కొన్ని రాత్రులకే పరిమితం, మధ్యాహ్నానికి మళ్లీ వేడెక్కుతుంది. వేసవి ఎండ అంతే తీవ్రం. నల్లరేగడి నేలైతే వానాకాలంలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది కాబట్టి, ప్రయత్నించదలిస్తే మీరూ కుండీలోనే పెట్టండి, డిసెంబరు, జనవరి నెలల్లో కుండీని రాత్రంతా ఆరుబయటే వదలండి.