సమాధానం: పశువుల మందలు నీళ్లు తాగే కుంట రెండు నెలలకే ఎండిపోవడం గురించి

వానలు ఆగిన రెండు నెలలకే కుంట ఖాళీ అవుతోందంటే, నా అనుమానం ఎండ మీద కాదు, అడుగు మీద. నీళ్లు ఇంకిపోతున్నట్టున్నాయి.

1. ముందు తేల్చుకోండి. నీళ్లు నింపిన బకెట్‌ను కుంట అంచున, నీళ్లలోనే నిలబెట్టండి. ఆ రోజు పశువులను తాగనివ్వొద్దు, వేరే చోట నీళ్లు చూపండి. 24 గంటల్లో బకెట్లో తగ్గింది ఆవిరి. కుంటలో అంతకన్నా ఎక్కువ తగ్గితే ఆ తేడా ఇంకినట్టే.

2. అలాగైతే, నీళ్లు అడుగంటాక బంకమట్టి పరవాలి. చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు: మట్టంతా ఒకేసారి పోసి పైపైన తొక్కిస్తారు. పైన గట్టిగా కనిపిస్తుంది, లోపల వదులుగానే ఉంటుంది. మొత్తం శ్రమ వృథా.
15 సెంటీమీటర్లకు మించని పొర పరచండి, తడపండి, దిమ్మిసతో (మట్టిని గట్టిపరిచే బరువైన పనిముట్టు) గట్టిగా కొట్టండి. ఆ తర్వాతే పై పొర. కనీసం రెండు మూడు పొరలు కావాలి. గుప్పిట్లో నొక్కితే ముద్ద కావాలి, చేతికి బురద అంటకూడదు. తడి అంతే ఉండాలి. గట్లకూ ఇదే పద్ధతి.

3. నీళ్లు చేరేదాకా ఆ పొరను ఎండనివ్వకండి, పగుళ్లిస్తుంది.

4. కుంటకు కంచె వేసి, గొట్టంతో బయట తొట్టికి నీళ్లివ్వండి. మెత్తబడిన పొరలో గిట్టలు దిగితే మళ్లీ చిల్లులే. పేడ, మూత్రం కలవవు కాబట్టి మందకూ మంచి నీళ్లు దొరుకుతాయి.