డూప్లికేట్ లెగో కొంటే నేరమా? ముందు బొడిపె మీద పేరు చూడండి

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు కొనుక్కోలేకపోయిన లెగో సెట్లు, అంటే ఒకదానిలో ఒకటి బిగించే ప్లాస్టిక్ ముక్కల బొమ్మలు, ఇప్పుడు రాత్రిపూట కూర్చుని కట్టుకోవడం నాకు ఇష్టం. పెద్ద సెట్లు ముప్పై, నలభై వేలు పలుకుతుంటే అచ్చం అవే ‘ఫస్ట్ కాపీ’ పేరుతో అయిదారు వేలకు దొరుకుతున్నాయి. అలాంటివి రెండు కొన్నాను. మూడోది ఆన్‌లైన్‌లో ‘ఒరిజినల్’ అని చూసి 11,500 రూపాయలు కట్టి తెప్పించుకుంటే అదీ నకిలీదే వచ్చింది. బాక్స్ విప్పారు కాబట్టి వెనక్కి తీసుకోం అంటున్నారు. నా భార్య మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు బొమ్మల లైబ్రరీ నడుపుతోంది. నేను కట్టేసిన సెట్లను అందులో అద్దెకు పెడదామంటోంది. ఇవి ఇంట్లో ఉంటేనే పోలీసు కేసు అవుతుందని మా బావమరిది భయపెట్టాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. అసలు ఇవి కొనవచ్చా?

జవాబు: ముందు ఆ టెన్షన్ తీరుస్తాను. సొంతానికి ఒక నకిలీ బొమ్మ కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నవాళ్లను శిక్షించే సెక్షన్ కంపెనీల పేర్లను, గుర్తులను కాపాడే మన ట్రేడ్‌మార్కుల చట్టంలో లేదు. మీ అల్మారాలో ఉన్న రెండు సెట్ల కోసం పోలీసులెవరూ మీ తలుపు తట్టరు. కానీ అవే సెట్లు మీ భార్య నడిపే లైబ్రరీ అరలోకి ఎక్కిన రోజు మీ బావమరిది మాట నిజమవుతుంది. అదెలాగో చెప్పేముందు మీరొక పని చేయాలి.

మూడు సెట్లలోంచి తలా ఒక ముక్క తీసి టేబుల్ లైట్ కింద పెట్టండి. ముక్క పైన గుండ్రటి బొడిపెలుంటాయి కదా, వాటిని కాస్త వాలుగా పట్టుకుని చూడండి. అసలు లెగో ముక్కయితే దాదాపు ప్రతి బొడిపె మీదా ఆ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉబ్బెత్తుగా, సన్నగా కనిపిస్తుంది. గోటితో రాస్తే తగులుతుంది. మీ ముక్కల మీద మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది. ఆ పేరే అచ్చు గుద్ది ఉండవచ్చు, వేరే కంపెనీ తన సొంత పేరు వేసుకుని ఉండవచ్చు, ఏమీ లేకుండా నున్నగా ఉండవచ్చు. ఈ మూడింటినీ మన వాళ్లు ‘డూప్లికేట్’ అనే ఒక్క మాటతో కలిపేస్తారు. చట్టం మాత్రం మూడింటినీ మూడు రకాలుగా చూస్తుంది.

సొంత పేరుతో అమ్మేవాళ్ల సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే వాళ్ల మీద అనవసరంగా నింద పడుతోంది. ఒకదానిలో ఒకటి బిగుసుకునే ఈ ముక్క మీద డెన్మార్క్‌లో గాడ్‌ఫ్రెడ్ కిర్క్ క్రిస్టియన్సెన్ పేటెంటుకు (కొత్తగా కనిపెట్టినదాని మీద హక్కుకు) దరఖాస్తు చేసింది 1958 జనవరి 28న. పేటెంటు ఆస్తి లాంటిదే గానీ శాశ్వతమైన ఆస్తి కాదు. మన దేశంలో ఇప్పుడు దాని ఆయుష్షు 20 ఏళ్లు. ఆ ముక్క మీద పేటెంట్లకు ఎప్పుడో కాలం చెల్లింది. పేటెంటు పోయాక ముక్క ఆకారాన్నే ట్రేడ్‌మార్కుగా నిలబెట్టుకోవాలని కంపెనీ గట్టిగానే పోరాడింది. 2005లో కెనడా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2010 సెప్టెంబర్ 14న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానమూ కాదంది. ఆ బొడిపెలు ముక్కలు బిగుసుకోవడానికి కావలసిన ఏర్పాటు, ఒక సాంకేతిక పనికి తప్పనిసరైన ఆకారాన్ని ట్రేడ్‌మార్కు పేరుతో ఒక్కరికే ఎల్లకాలం కట్టబెట్టలేం అన్నది ఆ తీర్పుల సారం. మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలో సెక్షన్ 9(3) చెప్పేదీ ఇదే. కాబట్టి ఎవరైనా బొడిపెల ముక్కలు తయారుచేసి, తన పేరు తను పెట్టుకుని, తన డిజైన్లు తను గీసుకుని అమ్మితే అది న్యాయమైన వ్యాపారం. వాటిని నకిలీ అనకూడదు. నిశ్చింతగా కొనండి.

చిన్న మనిషి బొమ్మ సంగతి వేరు. పసుపు తల, డబ్బాలాంటి ఒళ్లు, కొక్కేల్లాంటి చేతులు ఉన్న ఆ బొమ్మ ఆకారానికి ఉన్న ట్రేడ్‌మార్కు చెల్లుతుందని 2015లో యూరోపియన్ జనరల్ కోర్టు తేల్చింది. ముక్క మీద ఓడిన కంపెనీయే బొమ్మ మీద గెలిచింది.

బొడిపె మీద గానీ బాక్స్ మీద గానీ లెగో పేరే దొంగతనంగా వేసి ఉంటే ఇక చర్చ లేదు. అది తప్పుడు ట్రేడ్‌మార్కు వేసిన సరుకు. పేరులో ఒకటి రెండు అక్షరాలు మార్చి, అదే ఎర్ర గడి, అదే లావుపాటి తెల్ల అక్షరాలు పెట్టినా మోసపూరితమైన పోలిక కిందకే వస్తుంది.

మీరు కొన్న ‘ఫస్ట్ కాపీ’లు బహుశా మూడో రకం అయివుంటాయి. ముక్క మీద పేరుండదు. కానీ బాక్స్ బొమ్మ, లోపలి పుస్తకం, స్టిక్కర్లు, సినిమా పాత్రల ముఖాలు, ఆఖరికి మోడల్ కూడా మక్కికి మక్కి. చైనాలో లెపిన్ అనే పేరుతో జరిగింది ఇదే. 2018లో గ్వాంగ్‌జౌలోని కోర్టు 45 లక్షల యువాన్ల పరిహారం కట్టమంది. 2019లో షాంఘై పోలీసులు షాంటౌలోని కర్మాగారం మీద దాడి చేశారు. 2020లో ప్రధాన నిందితుడికి ఆరేళ్ల జైలు, 9 కోట్ల యువాన్ల జరిమానా పడ్డాయి. గమనించండి, ఆ శిక్ష పడింది కాపీరైట్ ఉల్లంఘనకు. ముక్కల్ని కాపీ కొట్టినందుకు కాదు, వాటితో కట్టిన మోడళ్లను కళాఖండాలుగా లెక్కించి వాటిని దొంగిలించినందుకు. మన దగ్గర మోడల్ ఆకారం విషయంలో వాదన అంత తేలిక కాదు. డిజైన్‌గా రిజిస్టర్ చేయగలిగినదాన్ని చేయించకుండా 50 కంటే ఎక్కువ ప్రతులు తయారుచేస్తే దాని మీద కాపీరైట్ పోతుందని మన కాపీరైట్ చట్టం సెక్షన్ 15 అంటుంది. అయినా పుస్తకంలోని బొమ్మలు, బాక్స్ ఫోటో, సినిమా పాత్రల చిత్రాలు ఎక్కడికీ పోవు. వాటి మీద హక్కు హక్కే.

ఇక లైబ్రరీ సంగతి. తప్పుడు ట్రేడ్‌మార్కు వేసిన సరుకు విషయంలో ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 104 అమ్మేవాళ్లతో ఆగిపోదు. అద్దెకిచ్చేవాళ్లను, అమ్మకానికి పరిచినవాళ్లను, అమ్మే ఉద్దేశంతో దగ్గర ఉంచుకున్నవాళ్లను కూడా చుడుతుంది. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. డీఎస్పీ స్థాయి అధికారి వారంట్ లేకుండా సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. ‘నాకు తెలియదు, జాగ్రత్తలన్నీ తీసుకున్నాను, ఎవరి దగ్గర కొన్నానో ఇదిగో’ అని రుజువు చేసుకుంటే బయటపడే దారిని ఆ సెక్షనే ఇచ్చింది. కానీ అవి ఫస్ట్ కాపీలని మీకు తెలుసు, మీ భార్యకూ తెలుసు. మీరు నాకు రాసిన ఈ ఉత్తరమే సాక్ష్యం. కట్టేసిన సెట్లను ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌కు పెట్టడానికీ ఇదే వర్తిస్తుంది.

పోయినేడు ఒక చిన్న బొమ్మల దుకాణం ఆయన నా దగ్గరకొచ్చి, కవర్లోంచి గుప్పెడు ముక్కలు తీసి టేబుల్ మీద పోశాడు. నోటీసు వచ్చేదాకా ఆ బొడిపెల మీద ఏముందో తను ఒక్కసారీ చూడలేదట. నిజంగా చూడలేదనే నేను నమ్మాను. కానీ తెలియదని నిరూపించుకునే భారం ఆయన మీదే పడింది. బిల్లులు లేవు, సరుకు వేసినవాడి ఫోన్ ఎత్తడం లేదు. మీ భార్యకు ఆ పరిస్థితి రాకూడదు.

పిల్లల విషయంలో నాకు అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలన్నింటికీ 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేని బొమ్మను అమ్మడమే కాదు, అద్దెకివ్వడం కూడా బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) చట్టం సెక్షన్ 17 కింద నిషేధం. ఇది కాగితం మీది లాంఛనం అనుకోవద్దు. పదునైన అంచులు, గొంతుకు అడ్డంపడే చిన్న భాగాలు, రంగుల్లో సీసం లాంటి లోహాలు ఉన్నాయా అని చూసేది ఆ పరీక్షల్లోనే. మా ఇంట్లో ఒకసారి పేరులేని సెట్‌లోని చక్రం ఇరుసు విరిగి, చాకు మొనలా మిగిలిన ముక్క మా చిన్నవాడి అరచేతిలో దిగింది. ఆ బాక్స్ మీద తయారీదారు పేరు వెతికాను, అడ్రసు వెతికాను, ఏమీ లేవు. ఎవర్ని అడగాలి? లైబ్రరీలోకి తెచ్చే ప్రతి బాక్స్ మీదా ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉన్నాయో చూసి, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోమని మీ భార్యకు చెప్పండి. రెండు నిమిషాల పని.

విదేశాల నుంచి స్నేహితులతో తెప్పించుకోవడం గురించి మీరు అడగలేదు గానీ ఈ హాబీ ఉన్నవాళ్లందరూ చేసే పనే కాబట్టి ఒక మాట. నకిలీ సరుకును ఆపే కస్టమ్స్ నియమాలు 2007లో వచ్చాయి. సొంత వాడకానికి లగేజీలో తెచ్చుకున్న, లేదా చిన్న పార్శిల్‌గా వచ్చిన వ్యాపారేతర వస్తువులను ఆ నియమాలు మినహాయించాయి. సుంకం మాత్రం సుంకమే. పది బాక్సులు తెస్తే ‘సొంతానికి’ అన్న మాట ఎవరూ నమ్మరు. అన్ని దేశాలూ మనలా ఉండవు. ఇటలీలో తెలిసి నకిలీ కొన్నవాళ్లకే జరిమానా పడుతుంది.

ఆన్‌లైన్ సెట్‌కు మీరు ఒక్క రూపాయి కూడా వదులుకోనక్కర్లేదు. అసలైనదని అబద్ధం చెప్పి అమ్మిన సరుకును 2019 వినియోగదారుల రక్షణ చట్టం నకిలీ వస్తువు అంటుంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అలాంటి వస్తువును విక్రేత వెనక్కి తీసుకోను అనడానికి వీల్లేదు. బాక్స్ విప్పకుండా బొడిపె మీద పేరెలా చూస్తారు? వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ కాకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయండి. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఫస్ట్ కాపీలని తెలిసి కొన్న ఆ రెండు సెట్ల మీద మాత్రం ఫిర్యాదుకు తావు లేదు.

ఇంతకీ కొనవచ్చా అన్నారు. నా అభిప్రాయం అడిగితే, వద్దనే అంటాను. ధర మీద మీ బాధ నాకు అర్థమవుతుంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. కానీ ఆ కాపీ కంపెనీలు పెద్ద కంపెనీని మాత్రమే దోచుకోలేదు. మీలాగే రాత్రుళ్లు ఇంట్లో కూర్చుని సొంత మోడళ్లు తయారుచేసుకున్న హాబీ వాళ్ల డిజైన్లనూ అడగకుండా ఎత్తుకెళ్లి బాక్సుల్లో పెట్టి అమ్ముకున్నాయి. రేపు మీరు గీసిన కోట అలా బజార్లో కనిపిస్తే మీకెలా ఉంటుంది? సొంత పేరు, సొంత డిజైన్ ఉన్న కంపెనీలు చాలా వచ్చాయి, వాటికి అందులో సగం డబ్బు కూడా కాదు. వాడిన అసలు సెట్లు కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒకసారి చట్టబద్ధంగా అమ్ముడైన సరుకును మళ్లీ అమ్మడానికి ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 30 ప్రకారం ట్రేడ్‌మార్కు అడ్డురాదు.

మీ దగ్గరున్న రెండు సెట్లు మీరే ఉంచుకోండి, చేతులు మారనివ్వకండి. ఆన్‌లైన్‌లో వచ్చినదాన్ని ఇక కట్టకండి. ముక్కలు, కవర్లు, బిల్లు, ‘ఒరిజినల్’ అని రాసి ఉన్న పేజీ స్క్రీన్‌షాట్, బొడిపెకు దగ్గరగా తీసిన ఫోటో అన్నీ కలిపి ఆ బాక్స్‌లోనే పెట్టి, ఫిర్యాదు తేలేదాకా పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి.