బీరపాదులో ఉన్నది గుంటా, తీగా?

సందేహం: వైశాఖం ఎండలకు మా పెరట్లో మల్లెచెట్టు వాడిపోతుంటే అత్తగారు మనవడిని పిలిచి, "దానికి పాదు చెయ్యరా" అన్నారు. "పాదంటే తీగ కదా నాయనమ్మా, బీరపాదు అంటాం" అన్నాడు వాడు. మొక్క పాదం దగ్గర చేసేది కాబట్టి పాదు అయిందని మావారి వాదన. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ అత్తగారిదే అసలు అర్థం. నీళ్లు నిలవడానికి చెట్టు మొదట్లో చేసే పల్లమే పాదు. బీర, సొర, కాకర గింజలు అందులోనే పెడతాం గనుక చోటు పేరు తీగకూ అంటుకుంది. మీ అబ్బాయిదీ తప్పు కాదు. పాదుకొనడమంటే వేరూని నిలవడం. పాదుకలతో మాత్రం దీనికి చుట్టరికం లేదు.

మీవారి మాట ఊరించేదే. సంస్కృతంలో పాదమంటే వేరు కూడా. వేళ్లతో తాగుతుంది కనుకే చెట్టు పాదపమయింది. అయినా తమిళంలో పాత్తి, కన్నడంలో పాతి అని మడికి పేర్లున్నాయి. పక్కింట్లోనే చుట్టాలుండగా అంత దూరం పోవడమెందుకని నా మొగ్గు. అంతకు మించి పట్టుబట్టను.

సంస్కృతంలో పాదుకు సరిపోయే మాట వేరే ఉంది: ఆలవాలం. ఆ మాట వింటే నాకు పోతనే గుర్తొస్తాడు. భాగవతాన్ని కల్పవృక్షం చేసిన పద్యంలో ఆయన మాటమాటకూ రెండేసి కొమ్మలు వేయించాడు. "లలితస్కంధము" చెట్టుకైతే అందమైన బోదె, గ్రంథానికైతే సొగసైన స్కంధాలు. "కృష్ణమూలము" అక్కడ నల్లని వేరు, ఇక్కడ కథకు మూలమైన కృష్ణుడు. "శుకాలాపాభిరామంబు" అన్నప్పుడు కొమ్మల్లో చిలుకలూ పలుకుతాయి, శుకమహర్షీ పలుకుతాడు. ఇక "విమలవ్యాసాలవాలంబు" దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ చెట్టుకు వ్యాసుడే పాదు! వ్యాసమంటే వెడల్పు కూడా కదా, కాబట్టి అది వెడల్పాటి, శుభ్రమైన పాదు. సేద్యం చేసుకొని బతికాడని చెప్పుకునే కవికి ఈ సంగతి ఒకరు నేర్పాలా? మొదలుకు ఆనించి గుంట తీస్తే కాండం చుట్టూ నీరు మురుగుతుంది, దూరాన ఉన్న పీచువేళ్లకు చుక్క అందదు. మీ వైపు నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, పోసిన బిందె పోసినట్టే పగుళ్లలోకి దిగిపోతుంది. మట్టిని గుల్ల చేసి, జానెడు ఎడంగా గట్టు కట్టి, లోపల ఎండుటాకులు పరవాలి. మీ అత్తగారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి.

ఇంత చల్లని మాటను తెచ్చి "అక్రమాలకు అలవాలం" అని రాస్తున్నారు, మొదటి దీర్ఘాన్ని కూడా మింగేసి! నెలవు అనే అర్థం కొత్తదేమీ కాదు, ఒప్పుకుంటాను. "సద్గుణాలకు ఆలవాలం" అంటే చెవికి ఇంపుగానే ఉంటుంది. అక్రమాలకు ఎవరైనా నీళ్లు పోసి పెంచుతారా? పెంచేవారూ ఉన్నారంటారా, అయితే ఆ ప్రయోగాన్ని తప్పని కొట్టెయ్యలేను. నేనైతే రాయను.

మీ అబ్బాయి చేత పాదు చేయించండి. నీళ్లు మాత్రం పొద్దు వాలాక పొయ్యమనండి.